తాతయ్య నవ్వు మీద వాటర్‌కలర్

ప్రతివారం ఇక్కడ కూర్చుని మీకు సలహాలు చెబుతుంటా కదా, ఆ సెట్టింగ్ మార్చుకోండి, ఈ యాప్ తీసేయండి అని. ఈ వారం నేను చేసిన ఒక వెధవ పని గురించి చెబుతా. ఇంట్లోవాళ్లకి తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

2007 వేసవి సెలవులు. ఏడో తరగతి పరీక్షలు రాసేసి నరసరావుపేటలో అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లా. మావయ్యకి అక్కడ ఫొటో స్టూడియో ఉంది. రీలు కెమెరా పక్కనపెట్టి అప్పుడే డిజిటల్ కెమెరా, కంప్యూటర్ కొన్నాడు. అందులో ఫొటోషాప్ 7. మధ్యాహ్నం మావయ్య భోజనానికి ఇంటికి వెళ్లాడంటే ఆ కుర్చీ నాదే.

ఆ రోజు నేను తెరిచింది తాతయ్య ఫొటో. కెమెరా ముందు కూర్చుంటే తాతయ్య కట్టెలా బిగుసుకుపోయేవాడు. రేషన్ కార్డు, పింఛను పుస్తకం, పెళ్లిళ్లలో గ్రూప్ ఫొటో, ఎందులో చూసినా ఎవరో కేసు పెట్టినట్టే ఉంటాడు. ఆ ఒక్కసారి మాత్రం మావయ్య ఏదో జోకు వేస్తే పకపకా నవ్వాడు. పై వరసలో ముందు పన్ను ఒకటి లేదు. ఆ సందు కనబడేంత నవ్వు.

నేను ఫిల్టర్ మెనూలోకి వెళ్లా. ఆర్టిస్టిక్ కింద పదిహేను పేర్లున్నాయి. వాటర్‌కలర్ నొక్కా. ఫొటో బొమ్మలా మారిపోయింది. భలే! కంట్రోల్ ఎఫ్ కొడితే అదే ఫిల్టర్ మళ్లీ పడుతుందని తెలుసు. కొట్టా. ఇంకోసారి కొట్టా. తర్వాత ఎవరో నేర్పిన మంచి అలవాటు ఒకటి ఉందిగా, కంట్రోల్ ఎస్. అదీ కొట్టి, ప్రోగ్రాం మూసేసి, ఐస్‌ఫ్రూట్ బండి వస్తే బయటికి పరిగెత్తా.

ఫొటోషాప్‌లో హిస్టరీ అని ఉంటుంది. చేసిన పనుల్లో చివరి ఇరవైని గుర్తుపెట్టుకుని వెనక్కి తీసుకెళ్తుంది. ఫైల్ మూస్తే మాత్రం ఆ జ్ఞాపకం పోతుంది. మావయ్య వచ్చి చూసేసరికి అంతా అయిపోయింది. కెమెరా కార్డు అప్పటికే ఖాళీ చేసేశాడు, సాయంత్రం పెళ్లి ఉందని.

తాతయ్య ఆ కార్తీకమాసంలో పోయాడు. గోడ మీద దండ వేసి పెట్టింది పింఛను పుస్తకంలో ఫొటోనే.

పాత కుర్చీలో మళ్లీ

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు చూస్తే ఆ పాత కంప్యూటర్ ఇంకా ఉంది. మావయ్య పని అంతా ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లోనే. పాత ఆల్బమ్ డిజైన్లు, అను ఫాంట్లలో కొట్టిన తెలుగు ఫైళ్లు ఉన్నాయని దీన్ని పారేయలేదు. విండోస్ ఎక్స్‌పీ. డబ్బా మానిటర్. ఆన్ చేస్తే పిండిమరలా మోత.

"ఏరా అల్లుడూ, మళ్లీ ఏ ఫొటో చెడగొడతావు?" అన్నాడు మావయ్య. ఇన్నేళ్లలో ఆ సంగతి ఎత్తడం అదే మొదటిసారి. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం గుచ్చుకుంది.

అసలు ఆ ఫిల్టర్ ఫొటోని ఏం చేస్తుందో తెలిస్తే వెనక్కి తీసుకురావడానికి దారి దొరుకుతుందేమో అనిపించింది. మావయ్యనే అదే కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్‌తో ఫొటో తీశా. ఫోన్ ఫొటో 12 మెగాపిక్సెల్. దానికి వాటర్‌కలర్ వేస్తే మార్పు దాదాపు కనబడలేదు! ఎందుకంటే ఈ పాత ఫిల్టర్ల కుంచె కొలత పిక్సెళ్ల లెక్కలో ఉంటుంది. పెద్ద ఫొటోలో ఆ కుంచె చీమకాలంత. అందుకే ముందు ఫొటోని మావయ్య పాత కెమెరా సైజుకి, అంటే 1200 అడ్డం 1600 నిలువు పిక్సెళ్లకి తగ్గించా. అప్పుడు పడింది దెబ్బ.

వాటర్‌కలర్ నీడల్ని బాగా నల్లబరుస్తుంది. మావయ్య మీసం, ముక్కు కింద నీడ కలిసిపోయి ఒకే నల్ల ముద్ద. కళ్లు గుంటలు. మనలాంటి చామనఛాయ మొహాలకి, నల్ల జుట్టుకి ఇది మరీ అన్యాయం చేస్తుంది. డ్రై బ్రష్‌కి తెల్ల చొక్కా అందంగా వచ్చింది, గళ్ల లుంగీలో గళ్లు పోయాయి. పోస్టర్ ఎడ్జెస్ ప్రతి ముడతకీ నల్ల గీత గీసి మావయ్యకి పదేళ్లు కలిపింది. కటౌట్ వేస్తే అచ్చం ఎన్నికల ఫ్లెక్సీ. ప్లాస్టిక్ ర్యాప్ వేస్తే పాకంలోంచి అప్పుడే తీసిన కాజా.

"బాగున్నాన్రా, ఇది మీ అత్తకి పంపు" అన్నాడు ఆ కాజా చూసి.

ప్లగిన్ల ఫోల్డర్ కూడా తెరిచా. అప్పట్లో బయట నుంచి తెచ్చిన ఫిల్టర్‌ని 8బీఎఫ్ అనే ఫైల్ రూపంలో ఆ ఫోల్డర్‌లో పడేసి, ఫొటోషాప్ మూసి తెరిస్తే మెనూలో ప్రత్యక్షమయ్యేది. యాప్ స్టోరూ లేదు, ఇన్‌స్టాల్ బటనూ లేదు. ఐ క్యాండీ 4000 ఉంది అందులో. అక్షరాలకి మంటలు పెట్టే ఫైర్, స్టీలు మెరుపు తెచ్చే క్రోమ్. వినాయక చవితి బ్యానర్లు ఎన్ని దీంతో చేశాడో మావయ్యకే లెక్క లేదు.

ఈ ఫిల్టర్లు ఎక్కడివి?

ఫొటోషాప్ తొలి వెర్షన్ 1990లో వచ్చింది. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ముల సృష్టి. ఈ వాటర్‌కలర్, డ్రై బ్రష్ లాంటివి మొదట అందులో లేవు. ఆల్డస్ అనే కంపెనీ వీటిని గ్యాలరీ ఎఫెక్ట్స్ పేరుతో విడిగా ప్లగిన్లుగా అమ్మేది. 1994లో ఆల్డస్ అడోబీలో కలిసిపోయింది. 1996లో వచ్చిన ఫొటోషాప్ 4 నుంచి అవి సొంత ఫిల్టర్లయ్యాయి. అంటే నేను నొక్కిన ఆ బటన్ వయసు దాదాపు నా వయసే.

లోపల జరిగేది మ్యాజిక్ కాదు. ఉదాహరణకి గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆయిలిఫై ఫిల్టర్ ఉంది. అది ఒక్కో పిక్సెల్ దగ్గరికి వెళ్లి చుట్టుపక్కల చూస్తుంది. ఆ పేటలో ఏ రంగు ఎక్కువ మందికి ఉందో చూసి, ఈ పిక్సెల్‌కీ అదే పులిమేస్తుంది. మెజారిటీ ఓటు అన్నమాట. ఇంకో రకం కువహరా ఫిల్టర్. 1976లో జపాన్ పరిశోధకులు గుండె స్కాన్ చిత్రాల్లో గరుకుదనం తగ్గించడానికి తయారుచేశారు. అంచులు చెదరకుండా లోపల నునుపు చేసేసరికి చూడ్డానికి పెయింటింగ్‌లా కనబడింది. గుండె జబ్బుల విభాగం నుంచి ఆర్టు విభాగానికి బదిలీ!

ఇప్పుడు తాతయ్య నోటి దగ్గరికి రండి. చుట్టూ పళ్లు, మధ్యలో చిన్న చీకటి సందు. ఫిల్టర్‌కి అది పన్ను అనీ తెలీదు, తాతయ్య అనీ తెలీదు. పక్క రంగులతో కలిపి పులిమేసింది. మూడుసార్లు. ఆ పులుముడు కింద అంతకుముందు ఏ పిక్సెల్ ఏ రంగులో ఉందో లెక్క మిగల్లేదు. వేరు వేరు ఫొటోలు కూడా చివరికి ఒకే మరకగా మారొచ్చు. కాబట్టి మరకని చూసి ఫొటోని రాబట్టడం కుదరదు. ఆవకాయ కలిపేశాక మళ్లీ చెట్టు మీది మామిడికాయ కావాలంటే ఎక్కడ తెస్తాం?

"పన్ను ఎప్పుడు కట్టించుకున్నాడ్రా?"

"ఇప్పుడు ఏఐ ఉందిగా" అని మీరు అంటారని తెలుసు. నేనూ అదే అనుకున్నా. 2025 మార్చిలో దేశమంతా తమ ఫొటోల్ని ఘిబ్లీ బొమ్మలుగా మార్చుకుంటుంటే నేనూ మార్చుకున్నా కదా. ఫొటోని బొమ్మ చేసేది బొమ్మని ఫొటో చేయలేదా?

తాతయ్య వాటర్‌కలర్ మొహాన్ని ఒక ఏఐ యాప్‌కి ఇచ్చి, అసలు ఫొటోలా మార్చమన్నా. నిమిషంలో ఇచ్చింది. వెంట్రుక వెంట్రుక లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టం. పరిగెత్తుకెళ్లి అమ్మమ్మకి చూపించా. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసింది.

"పెద్దమనిషి బాగున్నాడు. ఎవర్రా ఈయన?"

"తాతయ్య, అమ్మమ్మా."

ఇంకోసారి చూసింది. "మీ తాత పన్ను ఎప్పుడు కట్టించుకున్నాడ్రా?"

నిజమే. నోటినిండా పళ్లు. మరక ఉన్నచోట ఏముండాలో ఏఐకి తెలీదు కాబట్టి, లోకంలో ముసలాళ్ల నవ్వులు మామూలుగా ఎలా ఉంటాయో అలా నింపేసింది. పాత ఫిల్టర్ ఉన్నదాన్ని చెరిపింది, కొత్తది లేనిదాన్ని పెట్టింది. ఈ రెండిట్లో ఏది ఎక్కువ తప్పో ఆ రాత్రంతా ఆలోచించా. చెరిపిన చోట చెరిగిందని కనీసం కనబడుతుంది. కల్పించిన చోట అదీ కనబడదు. ఇంకో ఇరవై ఏళ్లు పోతే మా పిల్లలు ఆ పళ్లే తాతయ్యవి అనుకుంటారు.

మర్నాడు మావయ్యతో చెప్పా. ఆయన తిట్టలేదు. "నువ్వొక్కడివేనా ఏంటి? అప్పట్లో నా దగ్గరున్నది 80 జీబీ డిస్కు. పెళ్లి ఆల్బమ్ ప్రింటు అయిపోగానే ఒరిజినల్స్ తీసేసేవాణ్ణి. ఫిల్టర్లేసి, పూలు అతికించినవే మిగిలినయ్. ఇప్పుడు ఫోన్లు చేస్తారు, మా నాన్న ఉన్న ఫొటో పూలు లేకుండా ఉందా అని. ఏం చెప్పను?" అన్నాడు.

తర్వాత మౌస్ తీసుకుని పని చూపించాడు. కంట్రోల్ జే కొడితే ఫొటోకి నకలు పొర వస్తుంది. ఫిల్టర్ ఆ పై పొరకే వేయాలి. దానికి లేయర్ మాస్క్ పెట్టి, మెత్తటి నల్ల బ్రష్‌తో కళ్ల మీద, నోటి మీద రుద్దితే కింద ఉన్న అసలు ఫొటో బయటికొస్తుంది. "గోడ, చెట్టు, చీర... వీటికి ఎంతైనా వేసుకో. కళ్లు, నోరు వదిలెయ్యాలి. మనిషి ఉండేది అక్కడే" అన్నాడు. నిన్నటి మావయ్య ఫొటోనే అలా చేస్తే వెనక గోడ నీటిరంగుల్లో తేలింది, మావయ్య మావయ్యలాగే ఉన్నాడు.

ఒరిజినల్ జోలికి పోకుండా ఫిల్టర్‌ని విడిగా దాచి, కావాలంటే తీసేసే స్మార్ట్ ఫిల్టర్లు ఫొటోషాప్ సీఎస్3లో వచ్చాయి. అది విడుదలైంది ఎప్పుడో తెలుసా? 2007లోనే. నేను కంట్రోల్ ఎస్ కొట్టిన ఏడాదే. మావయ్య దగ్గరున్నది మాత్రం 2002 నాటి 7.

ఖాళీ ఫోల్డర్

బయల్దేరే ముందు చివరి ప్రయత్నం. మావయ్య కార్డులోని ఫొటోలన్నీ ముందు టెంప్ అనే ఫోల్డర్‌లో వేసి, చిన్న బొమ్మలుగా చూసి, పనికొచ్చేవి వేరే ఫోల్డర్‌కి మార్చేవాడట. ఆ టెంప్ ఇప్పుడు ఖాళీ. కానీ విండోస్ ఎక్స్‌పీకి ఒక అలవాటుంది. ఫోల్డర్‌లోని ఫొటోల చిన్న నమూనాల్ని థంబ్స్ డాట్ డీబీ అనే దాగిన ఫైల్‌లో దాచుకుంటుంది. ఫొటో తీసేసినా ఆ నమూనా చాలాసార్లు అందులోనే ఉండిపోతుంది.

దాగిన ఫైళ్లు చూపించమన్నా. ఉంది! పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని, దాన్ని చదివే చిన్న ఉచిత ప్రోగ్రాంతో తెరిచా. ఎవరెవరివో పెళ్లిళ్లు, బారసాలలు, పాస్‌పోర్ట్ ఫొటోలు. కిందికి జరుపుతూ పోతే వాటి మధ్య తాతయ్య. నేను చెయ్యి పెట్టకముందు తాతయ్య. ఎత్తు 96 పిక్సెళ్లు, వెడల్పు 72. అంతే.

పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా విడిపోతుంది. ఫ్రేము కట్టించడానికి పనికిరాదు. అయినా ఆ నోట్లో, తెల్ల గళ్ల మధ్య, ఒక్కటే ఒక్క నల్ల గడి ఉంది.

ఫోన్లోకి ఎక్కించి, పెద్దది చేయకుండా అలాగే అమ్మమ్మ చేతికిచ్చా. తపాలా బిళ్లంత బొమ్మ. కళ్లజోడు పైకి నెట్టి, ఫోన్ ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. ఈసారి ఎవరని అడగలేదు. "ఆ రోజు వీడు ఏమన్నాడని అంత నవ్వాడో" అంది మావయ్యని చూస్తూ. మావయ్యకి గుర్తులేదు.

కాబట్టి ఈ వారం మీ పని చిన్నదే. ఫోన్లో ఎడిట్ చేసి సేవ్ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగండి. కాపీగా సేవ్ చేసే ఆప్షన్ ఉంటే అదే నొక్కండి. ఫిల్టర్లు ఎన్నైనా ఆడుకోండి, కాజాలు చేసుకోండి, తప్పులేదు. ఇంట్లో పెద్దవాళ్లు నవ్విన ఫొటో ఉంటే మాత్రం, ఏ ఫిల్టరూ వేయనిది ఒకటి వేరే చోట దాచండి. వాట్సాప్‌లో పంపుకుంటే చాలదు, అక్కడ మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది.

అమ్మమ్మ ఫోన్లో వాల్‌పేపర్‌గా ఆ గళ్ల తాతయ్యనే పెట్టా. దగ్గర నుంచి చూస్తే ఏమీ అర్థం కాదు. చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటే నవ్వుతాడు.