3 గుంటలు ఏడికి పోయినయ్?

మొన్న దసరాకి జైనూర్ పోయినప్పుడు ఫోన్లో జీపీఎస్ యాప్ పెట్టుకుని మా చేను చుట్టూ నడిచాను. పొద్దున ఎకరం 2 గుంటలు చూపించింది. సాయంత్రం మళ్ళీ నడిస్తే 39 గుంటలే! బాపు నవ్వి, "పొద్దుగూకేసరికి 3 గుంటలు ఏడికి పోయినయ్‌రా?" అన్నడు.

నేను చదివింది ఈసీఈ, చేసేది సాఫ్ట్‌వేర్. అందుకే ముందు యాప్‌నే తిట్టుకున్నా. తర్వాత గుర్తొచ్చింది, తప్పులో యాంటెన్నాకీ వాటా ఉందని.

జీపీఎస్ ఉపగ్రహం 1575.42 మెగాహెర్ట్జ్‌లో పంపే తరంగం వృత్తాకార ధ్రువణంతో వస్తుంది. అంటే దాని విద్యుత్ క్షేత్రం స్క్రూ లాగా కుడివైపు తిరుగుతూ ముందుకు సాగుతుందన్నమాట. మన నావిక్ కూడా అంతే. దారిలో అయనోస్ఫియర్ మెలితిప్పినా సిగ్నల్ తగ్గకూడదని ఈ ఏర్పాటు. కానీ ఫోన్లలో చోటు చాలక ఎక్కువగా లీనియర్ యాంటెన్నాలే పెడతారు. సగం శక్తి, అంటే 3 డీబీ, అక్కడే పోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి. గుట్టకో, రేకుల కప్పుకో తగిలి వచ్చిన తరంగం చాలావరకు ఎడమ తిరుగుడుకి మారిపోతుంది. మంచి వృత్తాకార యాంటెన్నా దాన్ని చాలామటుకు ఆపేస్తుంది. ఫోన్ మాత్రం రెండింటినీ రానిస్తుంది. చుట్టు తిరిగొచ్చిన సిగ్నల్‌ని నమ్మితే దూరం లెక్క తప్పుతుంది కదా.

ఇలాంటి యాంటెన్నా చేయడం బ్రహ్మవిద్యేం కాదు. చదరపు ప్యాచ్‌కి ఎదురెదురు మూలలు రెండు సరిగ్గా కత్తిరిస్తే, 90 డిగ్రీల తేడాతో రెండు కంపనాలు పుట్టి తరంగం తిరుగుతుంది. యాక్సియల్ రేషియో 3 డీబీ లోపు తేవడానికి కాలేజీలో రాత్రుళ్ళు సిమ్యులేషన్లు చేశాం. అప్పుడది మార్కుల కోసం.

ఇప్పుడది భూమి లెక్క. చదరంగా ఉన్న ఎకరానికి ఒక్కో వైపు 63.6 మీటర్లు. ఒక హద్దు 5 మీటర్లు జరిగితే 3 గుంటల పైనే తేడా. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కోసం ఎదురుచూసే మా దిక్కు రైతుకి 3 గుంటలు చిన్నవి కావు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. కాగితం మీద ఒకసారి ఎక్కిన అంకెని మార్పించుకోవడం ఎంత కష్టమో ఊళ్ళో ఉన్నోళ్ళకి తెలుసు.

అందుకే నా మాట ఒకటే. హద్దులు తేల్చడానికి ఫోన్ చాలదు. వృత్తాకార యాంటెన్నా ఉన్న సర్వే రిసీవర్, దానికి తోడు డిఫరెన్షియల్ సవరణ కావాలి. ఖర్చంటారా? ఊరికొకటి అక్కర్లేదు, మండలానికి ఒకటి తిప్పుకున్నా నయమే.

ఇదంతా బాపుకి చెప్తే, "గట్టు మీద రాయి పాతిన. ఏ పూట చూసినా ఆడనే ఉంటది" అన్నడు.