నడక మన మందు... మరి నడకబాట ఎవరిది?

ఆ టైల్ సంగతి నాకు ముందే తెలుసు.

నేను రోజూ పొద్దున నడిచే బాటలో ఒక మలుపు దగ్గర టైల్ ఒకటి లేచి ఉండేది. కింద మట్టి వానకు కొట్టుకుపోయి, అడుగు పడితే అటూ ఇటూ ఊగేది. నెల రోజులకు పైగా నేను దాన్ని దాటుకుంటూ వెళ్లాను. నాలాగే వందల మంది దాటుకుంటూ వెళ్లారు. 'అక్కడ టైల్ లేచింది, చూసి నడువుండ్రి' అని ఒకరికొకరం చెప్పుకున్నాం కూడా. ఒకరోజు ఆపరేషన్‌కు ముందు ఫిట్‌నెస్ చూడమని వార్డు నుంచి ఒక కేసు షీటు నా దగ్గరికి వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటిన పెద్దాయన. తుంటి ఎముక విరిగింది. 'ఎట్ల పడ్డరు?' అని అడిగితే ఆయన ఆ మలుపు గురించే చెప్పారు. బీపీ, షుగరు అదుపులో ఉండాలంటే రోజూ నడవాలని ఆయనకు చెప్పింది ఎవరో కాదు, నేనే.

ఆ వయసులో తుంటి విరగడం చిన్న విషయం కాదు. వారాల తరబడి మంచంలో ఉంటే ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్లు, కాళ్లలో రక్తం గడ్డలు, వీపుకు పుండ్లు వస్తాయి. ఆపరేషన్ బాగా జరిగినా కొందరు మునుపటిలా నడవలేరు. అంత నష్టాన్ని ఆపడానికి కావాల్సిందల్లా గంపెడు ఇసుక, అరగంట పని. అది ఎవరి పని అన్న ప్రశ్న దగ్గరే మనమంతా ఆగిపోయాం.

మందు సరఫరా ఆగితే...

మన దేశంలో 10 కోట్లకు పైగా మందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో తేల్చింది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలని, లేదా అంతటి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది ఆ మాత్రం కూడా కదలడం లేదని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం మంది పరిస్థితి ఇదే.

నడిచేటప్పుడు కాలి కండరాలు రక్తంలోని చక్కెరను నేరుగా వాడుకుంటాయి. బీపీ తగ్గుతుంది, నిద్ర పడుతుంది, మనసు తేలికవుతుంది. ఇన్ని పనులు ఒక్కసారే చేసే మాత్ర మా ఫార్మసీలో లేదు. కానీ మెట్‌ఫార్మిన్ మాత్ర ఎక్కడ దొరుకుతుందో చెప్పే మేము, నడక ఎక్కడ దొరుకుతుందో చెప్పం.

ఈ మాట నాకు నేర్పింది బీడీలు చుట్టే ఒక అక్క. పొద్దటి నుంచి పొద్దుగూకేదాకా చాట ఒడిలో పెట్టుకుని కూర్చునే పని. షుగరు మూడు వందలకు దగ్గరగా ఉంది. 'రోజూ అరగంట నడువమ్మా' అన్నాను, ఎప్పటిలాగే. ఆమె నా ముఖం చూసి, 'నడువుమంటే నడుస్త మేడం. గని ఏడ నడువాలె? తెల్లారకముందు పోతే చీకటి, కుక్కలు. తెల్లారినంక పోతే పని ఆగుతది. మా వాడకు దగ్గర బాట లేదాయె' అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి 'నడవండి' అని చెప్పే ముందు 'ఎక్కడ నడుస్తారు?' అని అడగడం మొదలుపెట్టాను.

చెత్త, గడ్డి, పొగ... అన్నీ ఓపీకే

బాటల బాగోగులు అంటే అందచందాల విషయం అనుకుంటాం. ఓపీలో కూర్చుని చూస్తే అది రోగాల విషయమని అర్థమవుతుంది.

నడక ముగించి చాయ్ తాగి పొదల్లోకి విసిరిన ప్లాస్టిక్ కప్పులో, కొబ్బరి చిప్పలో, పాత టైరులో నాలుగు చినుకులు నిలిస్తే చాలు, డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు ఎగిరే దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒకసారి ఆ నీళ్లు పారబోస్తే దోమ పుట్టకముందే ఆగిపోతుంది. నెలకోసారి చేసే పెద్ద స్వచ్ఛ కార్యక్రమం కన్నా, వారం వారం చేసే పది నిమిషాల పని మేలని చెప్పేది ఇందుకే.

తిండి మిగుళ్లు పడేసిన చోటికి కుక్కలు, ఎలుకలు చేరతాయి. ఎలుకల వెంట పాములు వస్తాయి. వానకాలంలో బాట అంచుల్లో గడ్డి మోకాలెత్తు పెరిగితే అడుగు ఎక్కడ వేస్తున్నామో కనిపించదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మన ప్రాంతంలో ఉన్నవే. కాటు పడితే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఆ కాలు కదలకుండా ఉంచి వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకురండి. కుక్క గానీ కోతి గానీ కరిస్తే ముందుగా పారే నీళ్లతో, సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు టీకాకు రండి. పుణ్యమని కోతులకు అరటిపళ్లు వేసేవారికి ఒక మాట: తిండికి అలవాటైన కోతి రేపు చేతిలో ఏమీ లేని పిల్లవాడి మీద పడుతుంది.

చలికాలం పొద్దున్నే ఊడ్చిన ఆకులకు నిప్పు పెట్టడం మరో అలవాటు. ఆ పొగ మంచుతో కలిసి నేలకు దగ్గరగా నిలుస్తుంది. గాలి కోసం వచ్చిన ఆస్తమా రోగి పొగ పీల్చుకుని ఇంటికి వెళ్తాడు. అవే ఆకులను ఒక మూల గుంతలో వేస్తే కొన్ని నెలల్లో ఎరువు అవుతుంది.

కట్టకు కాపలా ఉన్న ఊళ్లు మనవి

మనకు చోటు కొరత లేదు. సిద్దిపేటలో కోమటి చెరువు కట్ట ఉంది, శివార్లలో తేజోవనం అర్బన్ పార్కు ఉంది, చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్ ఉంది. ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వెలిశాయి. కోమటి చెరువు మీద వేలాడే వంతెన చూడటానికి పొరుగు జిల్లాల వాళ్లూ వస్తారు. కట్టడం అయింది. ఇక మిగిలింది నిలుపుకోవడం, అదే కష్టమైన పని. ప్రారంభోత్సవానికి రిబ్బన్ ఉంటుంది, మరమ్మతుకు ఉండదు.

మన పాత ఊళ్లకు ఈ తేడా తెలుసు. చెరువు తవ్వించిన వాడిని తలుచుకుంటూనే, దాన్ని రోజూ చూసుకోవడానికి నీరటిని పెట్టుకున్నారు. తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ఎంత నీళ్లు, కట్టకు ఎక్కడ బుంగ పడింది, మత్తడి ఎప్పుడు దుంకుతుంది... అన్నీ ఆయన కంట్లో ఉండేవి. పంట ఇంటికి వచ్చాక రైతులంతా తలా ఇంత వడ్లు కొలిచేవారు. కట్ట మీద మైసమ్మను నిలిపిందీ, బతుకమ్మను ఆ నీళ్లలోనే సాగనంపిందీ ఆ చెరువు అందరిదన్న ఎరుకతోనే. నీరటి వ్యవస్థలో కుల కట్టుబాట్లూ ఉన్నాయి, వాటిని మళ్లీ తెచ్చుకోనక్కరలేదు. కానీ 'ఈ కట్టను చూసే మనిషి ఫలానా' అని ఊరందరికీ తెలిసి ఉండటం తెచ్చుకోదగ్గదే.

ఇప్పటి ఉదాహరణా మన దగ్గరే ఉంది. పెళ్లిళ్లు, పేరంటాల్లో ప్లాస్టిక్ వాడకుండా మన జిల్లా ఊళ్లలో స్టీల్ బ్యాంకులు పెట్టుకున్నారు. పళ్లాలు, గ్లాసులు తీసుకెళ్లి, పని కాగానే తిరిగి అప్పజెబుతారు. అందరి వస్తువును సొంత వస్తువులా చూసుకోవడం మనకు చేతకాదని ఎవరనగలరు?

చిన్న పని, కొలిచి చూపిన ఫలితం

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 541 ఖాళీ జాగాల మీద ఒక ప్రయోగం చేశారు. లాటరీ పద్ధతిలో కొన్నింటిని శుభ్రం చేసి, గడ్డి, కొన్ని చెట్లు నాటి, చిన్న కంచె వేసి, నెల నెలా చూసుకున్నారు. కొన్నింటిని ఊరికే శుభ్రం చేశారు. మిగిలినవి అలాగే వదిలేశారు. పచ్చగా మార్చిన జాగాల దగ్గర ఉండేవారిలో 'దిగులుగా ఉంది' అని చెప్పేవారు, అలాగే వదిలేసిన చోట్లతో పోలిస్తే సుమారు 41 శాతం తగ్గారు. 2018లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికల్లో ఒకటి ఈ ఫలితాలను ప్రచురించింది. పెద్ద పార్కులేమీ కట్టలేదు. ఇంటి దగ్గరి చిన్న జాగాను పచ్చగా మార్చి, ఆ తర్వాత వదిలేయకుండా చూసుకున్నారు, అంతే. మన బీడీ అక్క వాడలో కూడా అలాంటి ఖాళీ జాగా ఒకటి ఉండే ఉంటుంది.

'పన్ను కడుతున్నాం కదా, మాకెందుకు?'

న్యాయమైన ప్రశ్నే. మున్సిపాలిటీ పనిని మనం ఉచితంగా చేసిపెట్టాలని నేను అనడం లేదు. పారిశుద్ధ్య కార్మికుల జీతాన్ని స్వచ్ఛంద సేవ పేరుతో ఎగ్గొట్టమనీ అనడం లేదు. కానీ ఆసుపత్రిలో నర్సు రోజూ చార్టు రాస్తేనే డాక్టరు మందు మార్చగలడు. బాటకూ అలాంటి చార్టు రాసే కళ్లు కావాలి. అవి రోజూ అక్కడ నడిచేవాళ్లకే ఉంటాయి.

చట్టం కూడా ఇందుకు దారి చూపింది. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం పురపాలక బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. ప్రతి వార్డులో యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు వేర్వేరుగా కమిటీలు ఉండాలి. మీ వార్డు కమిటీల్లో ఎవరున్నారో మీకు తెలుసా? నాకు ఆ పెద్దాయన పడేదాకా తెలియదు. 2016లో హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ల కోసం కేబీఆర్ పార్కు చుట్టూ చెట్లు కొట్టే ప్రతిపాదన వచ్చినప్పుడు రోజూ అక్కడ నడిచేవారు కూడా రోడ్డు మీదకు వచ్చారు. ఏ చెట్టు ఎక్కడుందో తెలిసినవాళ్ల మాటకు బలం ఎక్కువ.

అయితే ఒక హెచ్చరిక. నడిచేవాళ్లం నలుగురం కలవగానే 'ఇక్కడికి వాళ్లు రావొద్దు, వీళ్లు రావొద్దు' అనడం మొదలవుతుంది. ఆ చెరువు మన వాకింగ్ షూల కన్నా ముందు నుంచి చేపలు పట్టేవాళ్లది, బట్టలు ఉతికేవాళ్లది, గొర్లను నీళ్లకు తోలుకొచ్చేవాళ్లది. నీటి రంగు మారితే మనకన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది. వాళ్లు లేని కమిటీ సగం కమిటీయే. అలాగే ఆడవాళ్లు రాలేని బాట సగం బాటే. లైటు, మరుగుదొడ్డి, కూర్చోవడానికి బెంచీ లేకపోతే షుగరు ఉన్న అక్కలు, మోకాళ్ల నొప్పుల అవ్వలు రారు. మన బాట ఎలా ఉందో తెలుసుకోవాలంటే అక్కడ కనిపించని వాళ్లు ఎవరో లెక్క చూడండి.

ఈ వారం నుంచే ఇలా...

మీరు నడిచే బాటకు పది మంది చేరండి. అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఒక నోటుబుక్కు పెట్టండి.

వారానికి ఒకరోజు, ఆదివారమైతే మేలు, పది నిమిషాలు నడక ఆపి చూడండి. లేచిన టైళ్లు, వెలగని లైట్లు, నీళ్లు నిలిచిన చోట్లు, పెరిగిన గడ్డి, ఎండిన మొక్కలు రాసుకోండి. నీళ్లు నిలిచిన కప్పులు, చిప్పలు అప్పుడే ఒంపేయండి, చేతులకు గ్లౌజులు మరవొద్దు.

మీ చేత కానివి తేదీ వేసి వార్డు కార్యాలయంలోనో, పంచాయతీలోనో ఇచ్చి, రసీదు తీసుకోండి. తర్వాతి వారం మళ్లీ అడగండి. తిట్టొద్దు, వదలొద్దు.

పని అయితే చేసిన కార్మికులకు పేరు పెట్టి కృతజ్ఞత చెప్పండి.

కొత్త మొక్క నాటే ముందు, నిరుడు నాటిన మొక్క బతికిందో లేదో చూడండి.

ఆ పెద్దాయన ఆపరేషన్ జరిగిన వారంలో మేం నలుగురం వెళ్లి ఆ టైల్ గురించి ఒక కాగితం రాసిచ్చాం. నాలుగో రోజుకు ఇసుక పోసి సరిచేశారు. ఇంత సులువైన పనా అనుకుంటే సంతోషం కన్నా బాధే ఎక్కువైంది. మొన్న ఆయన చేతికర్రతో ఓపీకి వచ్చారు. బీపీ చూసి, మందులు రాసి ఇస్తుంటే, 'మళ్ల ఎప్పుడు నడువొచ్చు మేడం?' అని అడిగారు. ముందు ఇంటి వాకిట్లో నడవండి, బాటకు నెమ్మదిగా వద్దురు గానీ అన్నాను. ఆయన వచ్చే నాటికి ఆ బాట ఆయన కాలికి సిద్ధంగా ఉండాలి. అది నా చీటీతో అయ్యే పని కాదు, మీరూ కలవాలి.