నల్ల పావులకు ఒక్క ఓపెనింగే నేర్పండి

చదరంగం ఆడే పిల్లల తల్లిదండ్రులకు, కోచ్‌లకు, టోర్నీలు పెట్టేవారికి విన్నపం.

తొమ్మిది రౌండ్ల టోర్నీలో నాలుగో అయిదో ఆటలు నల్ల పావులతో ఆడక తప్పదు. మన శిక్షణ మాత్రం తెల్ల పావుల చుట్టూనే తిరుగుతోంది. నాలుగెత్తుల్లో చెక్‌మేట్ ఎలా చేయాలో ముందు చెబుతాం. నల్ల పావులు వచ్చిన రోజు పిల్లలు యూట్యూబ్‌లో చూసిన సిసీలియన్ నజ్దోర్ఫ్‌కి దిగుతారు. ఎదుటివారు ఆరో ఎత్తుకే దారి మారిస్తే గుడ్లప్పగిస్తారు.

అందుకే అడుగుతున్నాం: ఏడాదిపాటు నల్ల పావులతో కారో-కాన్ డిఫెన్స్ ఒక్కటే ఆడించండి.

తెల్ల బంటు ఇ4కి రాగానే సి6, ఆ తర్వాత డి5. ఫ్రెంచ్ డిఫెన్స్‌లో ఇ6 బంటు సొంత బిషప్‌కే అడ్డం పడుతుంది. ఇక్కడ ఆ బిషప్ ఎఫ్5కి హాయిగా బయటికొస్తుంది. తెల్లపక్షం డి4తో మొదలుపెడితే డి5, సి6 ఆడి స్లావ్ డిఫెన్స్‌లోకి పోవచ్చు. బంట్ల కట్టు దాదాపు అదే. ఒక్క అమరిక అర్థమైతే రెండు తలుపులకూ గడియ పడినట్టే.

బట్టీ పట్టించమని కాదు. ఇ4 దగ్గర బంట్లు మారి, తెల్ల గుర్రం అక్కడ కూర్చున్నాక నల్ల గుర్రాన్ని డి7కి తెచ్చే పద్ధతి ఒకటుంది. అప్పుడు తెల్ల మంత్రి ఇ2కి వస్తే, చూసుకోకుండా రెండో గుర్రాన్ని ఎఫ్6లో పెట్టారో, తెల్ల గుర్రం డి6లో దిగుతుంది. అంతే, చెక్‌మేట్! ఇ7 బంటు దాన్ని చంపలేదు. కదిలితే మంత్రి చూపు నేరుగా రాజు మీద పడుతుంది. ఇది బల్ల మీద పెట్టి 'ఎందుకు' అని పిల్లల్నే అడగండి.

'డ్రాల ఓపెనింగ్, పిల్లలకు విసుగు' అంటారు కొందరు కోచ్‌లు. 1958లో స్మిస్లోవ్ నుంచి ప్రపంచ కిరీటం తిరిగి గెలుచుకున్న మ్యాచ్‌లో బోత్విన్నిక్ ఆడింది ఈ కారో-కానే. కార్పోవ్ కూడా దీన్ని నమ్ముకున్నవాడే. అయినా ఇప్పుడు ఓడుతున్న ఆటలు డ్రా అయితే నష్టమేమిటట?

తల్లిదండ్రులారా, రేటింగ్ తగ్గిందని నెల తిరక్కుండానే ఓపెనింగ్ మార్పించకండి. కోచ్‌లారా, వారానికో క్లాసు పూర్తిగా నల్ల పావులకే ఇవ్వండి. నిర్వాహకులారా, ప్రతి ఆటా ఇ4 సి6, డి4 డి5 నుంచే మొదలయ్యే చిన్న పోటీ ఒకటి పెట్టండి. ఒకే జోడీ రంగులు మార్చుకుని రెండేసి ఆటలు ఆడాలి. ప్రవేశ రుసుం వద్దు.