దత్తత అయింది... వీసా రాలేదు

నూజివీడు ప్రాంతంలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు చాలా కనిపిస్తాయి. అలాంటి ఒక ఇల్లు అనుకోండి. ఆగిరిపల్లి దారిలో పదెకరాల మామిడి తోట. కూతురూ అల్లుడూ డాలస్‌లో ఉంటారు. పెళ్లయి పన్నెండేళ్లయినా వాళ్లకు పిల్లల్లేరు. కొడుకు ఇక్కడే తోట చూసుకుంటాడు. అతనికి ఇద్దరాడపిల్లలు. రెండోదానికి మూడేళ్లు. సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు ‘‘అక్కా, చిన్నదాన్ని నువ్వు పెంచుకో’’ అన్నాడు తమ్ముడు. మరదలు ఆ రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారి సరేనంది.

మన ఊళ్లలో ఇదేం కొత్త కాదు. పిల్లల్లేని అక్కకో అన్నకో బిడ్డను ఇవ్వడం తాతల నాటి నుంచీ ఉంది. 1956 నాటి హిందూ దత్తత చట్టం కూడా ఇచ్చిపుచ్చుకోవడాన్నే ప్రధానంగా చూస్తుంది. హోమం తప్పనిసరి కాదంటుంది. వీళ్లు మాత్రం హోమమూ చేయించారు, రిజిస్ట్రారాఫీసులో పత్రమూ రాయించారు. ఇక పాస్‌పోర్టు, వీసా, విమానం అనుకున్నారు.

చిక్కంతా అక్కడే. దేశం దాటే దత్తతలకు హేగ్ ఒడంబడిక వర్తిస్తుంది. మన దేశంలో అది 2003 నుంచీ, అమెరికాలో 2008 నుంచీ అమల్లో ఉంది. దాని ప్రకారం ముందు అక్కడి ప్రభుత్వం దంపతులను పరిశీలించాలి. తర్వాత ఈ పిల్ల విషయం చూడాలి. ఆ తర్వాతే ఇక్కడ దత్తత. ఢిల్లీలోని ‘కారా’ అభ్యంతరం లేదని పత్రం ఇవ్వాలి. వీళ్లేమో ముందు చివరి మెట్టు ఎక్కి కూర్చున్నారు!

సరే, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. అప్పుడు అసలు అడ్డంకి బయటపడింది. కన్నవాళ్లిద్దరూ బతికుండగా ఇచ్చిన పిల్లకు ఈ దారిలో వీసా కావాలంటే, ఆ తల్లిదండ్రులు పిల్లను సరిగా పోషించలేని స్థితిలో ఉన్నారని తేలాలి. ఇది అమెరికా చట్టం పెట్టిన షరతు. పదెకరాల బంగినపల్లి తోట ఉన్నవాడు ఆ మాట ఎలా రాసిస్తాడు? లేక ఇవ్వలేదాయె, ప్రేమకొద్దీ ఇచ్చాడు. ప్రేమకొద్దీ ఇచ్చేవాళ్ల కోసం ఆ దరఖాస్తులో గడే లేదు.

ఒక లాయరు కాదంటే ఇంకొకరు. చూస్తుండగానే రెండు కాపులు కోసేశారు. పిల్లకు ఐదేళ్లు నిండాయి. మన నిబంధనల ప్రకారం ఐదేళ్లు దాటిన పిల్లనైతే ఇష్టమేనా అని అడగాలి. ‘‘అత్త దగ్గరకు వెళ్తావా?’’ అంటే ‘‘అమ్మ కూడా వస్తుందా?’’ అంటుంది. ఫోనులో ఆ మాట విన్న అత్త ఏం చెబుతుంది? మూడేళ్లప్పుడు అడగాల్సిన పని లేకపోయింది. ఆలస్యం ఒక్కోసారి మేలే చేస్తుందేమో!

చట్టాలు ఇంత బిగుసుకోవడానికి కారణం మన రాష్ట్రంలోనూ ఉంది. 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్‌లోని కొన్ని దత్తత కేంద్రాల మీద పోలీసులు దాడులు చేశారు. లంబాడీ తండాల నుంచి పసికందులను కొని విదేశాలకు పంపే వ్యాపారం వెలుగులోకి వచ్చింది. పేదరికం పేరుతోనో, ఆడపిల్ల అనో బిడ్డలను అప్పగించడాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో నిషేధించింది. అప్పటికే ఫొటోలు చూసుకుని, పేర్లు కూడా పెట్టుకున్న విదేశీ దంపతులు ఎందరో ఏళ్ల తరబడి ఎదురుచూశారు. వాళ్లలో మోసం చేసినవాళ్లు తక్కువ, మోసపోయినవాళ్లు ఎక్కువ. అయినా, తండాలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు ఆ నిరీక్షణ చిన్నదే.

చివరికి డాలస్ దంపతులు ‘కారా’లో పేరు నమోదు చేసుకున్నారు. ప్రవాస భారతీయులదీ ఇక్కడివాళ్లదీ ఒకటే వరుస. దత్తతకు సిద్ధంగా ఉన్న పిల్లలకంటే అడిగేవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి అది ఏళ్ల మాటే. ఈలోగా అమెరికా ఇచ్చిన ఆమోదానికి 15 నెలలకే గడువు తీరుతుంది. మళ్లీ వేలిముద్రలు, మళ్లీ ఫీజులు.

ఇక్కడ అమ్మమ్మకు ఇవేవీ పట్టవు. ఏటా రసాలు మాగేసరికి ‘‘ఈసారన్నా వస్తుందంటావా?’’ అని కోడలిని అడుగుతుంది. కోడలు ఏమీ అనదు. చిన్నదానికి జడ వేస్తూ ఉంటుంది.

వంతు వచ్చిన రోజు పిల్ల ఫొటో, వైద్య పరీక్షల నివేదిక పంపుతారు. ఒప్పుకోవడానికి విదేశాల్లో ఉన్నవాళ్లకు 96 గంటలు గడువు. అంటే నాలుగు రోజులు. ఆ ఫొటో ముందుగా నూజివీడుకు పంపాలని కూతురు ఇప్పుడే చెప్పి ఉంచింది.