పోత గుండ్లు – కాకిలెక్కలు

పొదుపు అన్న మాట మీద నాకు చిన్ననాటినుంచీ భక్తి కొంచెం ఎక్కువ. అరిగి పలుచనైపోయిన సబ్బుబిళ్ళను కొత్త సబ్బుకు అతికించి వాడిన ఇల్లు మాది. అందువల్ల, ఒహాయో రాష్ట్రంలో స్థిరపడి, ఈ దేశపు పౌరసత్వం వచ్చి, జింకల వేట అలవాటైన తరువాత, షాట్‌గన్ స్లగ్గులను ఇంట్లోనే తయారు చేసుకుంటే బోలెడు డబ్బు మిగులుతుందని పొరుగింటి పెద్దాయన చెప్పగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. నాలుగేళ్ళు ఆ పని చేశాను. చేసి, మానేసి, ఇప్పుడొక మాట ఖండితంగా చెప్పదలచుకున్నాను. ఇది సరదాకు చేయదగిన పని కావచ్చు, పనితనం కోసం చేయదగినది కావచ్చు. పొదుపు కోసం మాత్రం చేయదగినది కాదు.

ఈ విషయంతో పరిచయం లేనివారి కోసం నాలుగు మాటలు. షాట్‌గన్ తూటాలో సాధారణంగా ఉండేవి చిన్నచిన్న రవ్వలు. వాటికి బదులు ఒకే ఒక్క బరువైన సీసపు గుండు పెడితే అది స్లగ్గు. మనవైపు కూడా 'పన్నెండు బోరు' అని వాడుకలో ఉన్న తుపాకి పేరులోనే సీసం లెక్క దాగి ఉంది. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గోళాలుగా పోస్తే ఒక్కో గోళానికి ఎంత వ్యాసం వస్తుందో, ఆ తుపాకి గొట్టానికి అంత వ్యాసమన్నమాట. జర్మనీలో విల్‌హెల్మ్ బ్రెన్నెకే 1898లోనూ, అమెరికాలో కార్ల్ ఫాస్టర్ 1931లోనూ రూపొందించిన స్లగ్గులే ఈనాటి వాటిలో చాలావాటికి మూలపురుషులు. ఒహాయో, ఇల్లినాయ్, అయోవా వంటి చదును నేలల్లో, ఇళ్ళు కనుచూపు మేరలోనే ఉండే చోట, రైఫిలు గుండు చాలా దూరం పోతుందన్న భయంతో జింకల వేటకు షాట్‌గన్నే ఆనవాయితీ అయింది. ఒహాయోలో 2014 నుంచీ కొన్ని రకాల రైఫిళ్ళను అనుమతించినా, పాత తుపాకిని వదలలేనివారు ఇంకా ఉన్నారు. నేనూ ఆ బాపతే.

భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. అమెరికాలో మాత్రం సొంత వాడకానికైతే కేంద్రప్రభుత్వపు లైసెన్సు అక్కరలేదు, అమ్మకానికైతే కావాలి. కనుక చట్టం నాకు అడ్డు రాలేదు. అడ్డు రావలసింది నా లెక్కల పుస్తకమే. అదీ రాలేదు, ఎందుకంటే నేను దాన్ని సరిగా రాయలేదు.

ఇప్పుడు సరిగా రాస్తాను. దుకాణంలో స్లగ్గు ఒక్కొక్కటి నాకు సుమారు 1 డాలరు 30 సెంట్లు పడేది. ఇంట్లో చేస్తే 50 సెంట్లు. గుండుకు 80 సెంట్ల మిగులు! అచ్చు, సీసం కరిగించే పాత్ర, ప్రెస్సు, త్రాసు అన్నీ కలిపి 288 డాలర్లయ్యాయి. అంతకుముందు నేను ఏడాదికి పేల్చినవి ముప్ఫై. గురి సరిచూసుకోవడానికి పాతిక, వేటకు అయిదు. అంటే ఏటా మిగిలేది 24 డాలర్లు. పెట్టిన డబ్బు తిరిగిరావడానికి పన్నెండేళ్ళు. పోనీ, పన్నెండేళ్ళయినా ఓపిక పట్టానా అంటే అదీ లేదు. 'చవకే కదా' అన్న ధీమాతో ముప్ఫై కాస్తా నూట ఇరవై అయ్యాయి. ఏటా 39 డాలర్లు ఖర్చు పెట్టేవాణ్ణి 60 డాలర్లు ఖర్చు పెడుతూ, పొదుపు చేస్తున్నానని మురిసిపోయాను! ఆవిరియంత్రాలు మెరుగుపడి బొగ్గు ఆదా అవుతున్నకొద్దీ దేశంలో బొగ్గు వాడకం పెరుగుతుందే తప్ప తగ్గదని 1865లోనే జెవొన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త చెప్పాడు. మా ఇంటి నేలమాళిగలో ఆయన సూత్రం మళ్ళీ ఒకసారి రుజువైంది.

ఎదుటిపక్షానికి న్యాయం చేయాలి. ఎగిరే మట్టిపళ్ళేలను కొట్టే పోటీలలో ఏడాదికి వేల తూటాలు పేల్చేవారికి ఈ పని నిజంగానే గిట్టుబాటు కావచ్చు. 2020, 2021లలో అంగళ్ళలో తూటాల అరలు ఖాళీగా పడి ఉన్నప్పుడు, ముందుచూపుతో ప్రైమర్లూ మందూ దాచుకున్నవారే నిశ్చింతగా వేటకు వెళ్ళారు. భుజానికి తక్కువ దెబ్బ తగిలేలా తేలికపాటి తూటాలు కావలసినవారూ ఉంటారు. వీటిలో ఏదీ ఏడాదికి ముప్ఫై గుండ్లు పేల్చేవాడికి వర్తించదు.

అయితే నా అసలు అభ్యంతరం డాలర్లలో లేదు, పొదుపరి బుద్ధిలో ఉంది. పొదుపరికి సహజమైన విద్య ఉన్నదానితో సర్దుకోవడం. కందిపప్పు నిండుకుంటే మా అమ్మ పెసరపప్పుతో చారు కాచేది. అది ఆమె నేర్పు. తూటాల తయారీలో నిషిద్ధమైన పని సరిగ్గా అదే. ముప్ఫై-నాట్-సిక్స్ రైఫిలు తూటాకు చదరపు అంగుళానికి 60,000 పౌనుల దాకా ఒత్తిడి అనుమతిస్తారు. రెండుముప్పావు అంగుళాల పన్నెండు బోరు తూటాకు గరిష్ఠం 11,500 మాత్రమే. గొట్టం గోడ పలుచన. అందుకే ప్రామాణిక గ్రంథాలలో తొడుగు, ప్రైమరు, మందు, వాడ్, గుండు బరువు అన్నీ కలిపి ఒకే పాఠంగా ఇస్తారు. అందులో ఒక్కటి మార్చినా అది వేరే తూటా. దాని ఒత్తిడి ఎంతో ఆ గ్రంథం చెప్పదు. దొరకని వాడ్‌కు బదులు ఇంట్లో ఉన్నది వాడదామన్న ఆలోచన నాకు ఎన్నిసార్లు వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. సీసం విషయంలోనూ ఇదే తంతు. కారు చక్రాల తూకం సరిచేసే బిళ్ళలు పూర్వం సీసంతోనే చేసేవారు. ఇప్పుడు ఇనుమూ తుత్తునాగమూ చాలావరకు వాటి చోటు తీసుకున్నాయి. ఉచితంగా దొరికాయని తెచ్చిన బిళ్ళల్లో నాలుగు తుత్తునాగానివి కలిసినా పాత్రెడు సీసమూ పాడవుతుంది.

ఇక చివరి పద్దు. ఒహాయో చలికి వెరచి నేను సీసాన్ని నేలమాళిగలో, చిన్న ఫ్యాను పెట్టుకుని కరిగించేవాణ్ణి. సీసం 327 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. ప్రమాదమంతా ఆవిరిలోనే ఉందనుకునేవాణ్ణి. నిజానికి అంతకంటె మోసకారి, పైన తేలే మడ్డిలోని ధూళి. అది బట్టలకు, బూట్లకు, చేతులకు అంటుకుని మెట్లెక్కి ఇంట్లోకి వస్తుంది. మా అమ్మాయికి రెండేళ్ళు నిండినప్పుడు మామూలుగా చేసే రక్తపరీక్షలో సీసం డెసిలీటరుకు 6 మైక్రోగ్రాములని తేలింది. పిల్లల విషయంలో 3.5 దాటితే పట్టించుకోవాలని ఇక్కడి ఆరోగ్యశాఖ 2021లో నిర్ణయించింది. ఇంత వరకు పరవాలేదనే మోతాదు అంటూ అసలు లేదు. రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు, మా ఇల్లు ఆ తరువాత కట్టినది. భారతీయ కుటుంబం కదా అని డాక్టరుగారు పసుపు గురించి, కుంకుమ గురించి అడిగారు. మా ఆవిడ పోపులపెట్టె అంతా తలచుకుని తలచుకుని జవాబు చెబుతోంది. "ఇంట్లో ఎవరైనా సీసంతో పని చేస్తారా?" అన్నది ఆ తరువాతి ప్రశ్న. నేను తల దించుకున్నాను.

కారులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇల్లు దగ్గరపడుతుండగా మా ఆవిడ అడిగింది, "ఏమండీ, ఈ గుండ్లతో ఇప్పటిదాకా ఎంత మిగిలిందండీ?" దెప్పిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. పైన రాసిన లెక్క నేను మొట్టమొదటిసారి వేసింది ఆ రాత్రే.

పాత్రా అచ్చూ ఇంట్లోంచి వెళ్ళిపోయాయి. నేలమాళిగను తడిగుడ్డలతో ఎన్నిసార్లు తుడిచామో లెక్కలేదు. కొన్ని నెలలకు పాప రక్తంలో ఆ అంకె 3.5 కంటె కిందికి దిగింది. ఇప్పుడు ఏటా ఆరు పెట్టెల స్లగ్గులు కొనుక్కుంటున్నాను, పెట్టెకు అయిదు.

మా పొరుగాయన ఇంకా పోత పోస్తూనే ఉన్నారు. ఇంటికి దూరంగా షెడ్డు, విడిగా బట్టలు, బూట్లు, పసిపిల్లలు లేని ఇల్లు. మొన్న అడిగితే, "డబ్బు మిగలడం నా మొహం! నాకిది ఇష్టం, అంతే" అని నవ్వారు. ఆయనతో నాకు పేచీ లేదు. ఇష్టాన్ని ఇష్టమని ఒప్పుకున్నవాడు దానికి తగిన చోటూ జాగ్రత్తా సమకూర్చుకుంటాడు. దానికి పొదుపు అని పేరు పెట్టుకున్నవాడు ముందుగా కోత పెట్టేది ఆ జాగ్రత్తలమీదే. నేను పెట్టింది అక్కడే.