చొక్కా, టోపీ, ఆ తర్వాతే క్రీము

ఆస్ట్రేలియాలో చాలా ప్రాథమిక పాఠశాలల్లో టోపీ తెచ్చుకోని పిల్లలకు ఎండలో ఆట లేదు, నీడపట్టున ఉండాల్సిందే. మనవల కోసం మెల్‌బోర్న్ వెళ్లిన మన పెద్దవాళ్లకు ఇదంతా అతిగా అనిపించొచ్చు. కానీ అక్కడ ఎండ తీవ్రం, ఎక్కువమందివి తెల్లటి ఒళ్లు. చర్మ క్యాన్సర్ ఇంటింటా వినపడే మాట. 1981లో విక్టోరియా రాష్ట్రంలో సిడ్ అనే కార్టూన్ సముద్రపక్షి టీవీలో పాటపాడి మూడు పనులు చెప్పింది: చొక్కా తొడుక్కో, సన్‌స్క్రీన్ రాసుకో, టోపీ పెట్టుకో. నీడ చూసుకో, చలవ కళ్లద్దాలు పెట్టుకో అన్నవి 2007లో చేరాయి. వరసలో చొక్కాయే ముందు! మన సన్‌స్క్రీన్ ప్రకటనలు ఆ సంగతి ఎత్తవు, వాళ్లు అమ్మేది చొక్కాలు కాదుగా.

క్వీన్స్‌లాండ్‌లోని నాంబోర్ ఊళ్లో 1992లో 1,600 మందికి పైగా పెద్దవాళ్లతో ఒక పరిశోధన మొదలైంది. సగంమందికి సన్‌స్క్రీన్ ఉచితంగా ఇచ్చి రోజూ ముఖానికి, మెడకు, చేతులకు రాసుకోమన్నారు. మిగతావాళ్లను వాళ్ల ఇష్టానికి వదిలేశారు. నాలుగున్నరేళ్లకు, రోజూ రాసుకున్నవాళ్లలో ఒక రకం చర్మ క్యాన్సర్ గడ్డలు దాదాపు 40 శాతం తగ్గాయి. 55 ఏళ్లలోపువాళ్లలో చర్మం ముదరడం కూడా 24 శాతం తక్కువని 2013లో ప్రకటించారు. ఇంతా చేసి వాళ్లకిచ్చింది ఎస్‌పీఎఫ్ 15 స్థాయి మామూలు క్రీమే. పని చేసింది రోజూ రాయడం.

మన చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి వాళ్ల క్యాన్సర్ భయం మనకు అంతగా అక్కర్లేదు. మన బాధ మంగు. బుగ్గల మీది ఆ గోధుమరంగు మచ్చల్ని అతినీలలోహిత కిరణాలే కాదు, మామూలు వెలుతురు కూడా ముదరబెడుతుంది. అందుకే మంగున్నవాళ్లకు ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ మేలు. మందులషాపులో అడిగి స్టెరాయిడ్ క్రీము తెచ్చి నెలల తరబడి పూస్తే మాత్రం చర్మం పలచబడుతుంది.

పొద్దున ఘాటులేని ఫేస్‌వాష్, పొడిచర్మమైతే మాయిశ్చరైజర్, ఆపైన ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్. రాత్రి ముఖం కడుక్కుని మళ్లీ మాయిశ్చరైజర్. సీరంలు లేకపోయినా లోటేం లేదు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా చెరో గీత పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. ఖరీదైన ట్యూబు కొని శనగగింజంత రాసుకునేకంటే, చవకది కొని ధారాళంగా వాడటం నయం. ఎండలో తిరిగేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి.

చీర మీద మగవాళ్ల పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని నాట్లేసే కూలీలు, చున్నీ చుట్టుకుని స్కూటీ నడిపే అమ్మాయిలు సిడ్ చెప్పిన మొదటి పని ఎప్పటినుంచో చేస్తున్నారు. కాకపోతే చున్నీని వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు అవతలి మనిషి ఆనితే అది ఎండను పెద్దగా ఆపదు. ముదురు రంగుది, దట్టమైన నేతది చూసుకోవాలి.