గ్రహణం పూట బడి తలుపులు

2022 అక్టోబర్ 25, దీపావళి మర్నాడు. మధ్యాహ్నం మా అక్క ఫోన్‌కి పిల్లాడి స్కూలు వాళ్ళ వాట్సాప్ మెసేజ్ వచ్చింది. ఈరోజు సూర్యగ్రహణం కాబట్టి పిల్లల భద్రత దృష్ట్యా గంట ముందే వదిలేస్తున్నాం, ఎవరినీ బయట ఆడుకోనివ్వకండి, కిటికీలు మూసి ఉంచండి అని. కింద వరసగా దండాలు పెట్టే బొమ్మలు. "గ్రహణం సాయంత్రం అయిదింటికి కదా మేడమ్, పిల్లలకి చూపించొచ్చు కదా" అని ఒక్క తల్లీ, ఒక్క తండ్రీ అడగలేదు. ఆ గ్రూపులో నేను లేను. ఉన్నా అడిగేవాణ్ణా అంటే, నిజం చెప్పాలంటే, అనుమానమే.

ఆ మెసేజ్‌లో ఉన్న భయంతో నాకు పేచీ లేదు. ఆ భయం మా అమ్మకీ ఉంది. పచ్చడి జాడీల మీద దర్భలు వేస్తుంది, విడుపు స్నానం చేయందే పొయ్యి వెలిగించదు. నా పేచీ "భద్రత" అన్న మాటతో. అమ్మ "రాహువు పట్టాడురా, బయటికెళ్ళకు" అంటే అదొక కథ. పిల్లాడు ఎదురు ప్రశ్న వేయొచ్చు, నవ్వొచ్చు, నమ్మొచ్చు. బడి "భద్రత" అంటే మాత్రం ఎదురు ప్రశ్న ఉండదు. అదే భయానికి బడి సైన్సు చొక్కా తొడిగి పంపిస్తోంది.

ప్రమాదం అసలు లేదా? ఉంది. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కంటి వెనకుండే రెటీనా దెబ్బతింటుంది. రెటీనాకి నొప్పి తెలీదు. చూస్తున్నప్పుడు ఏమీ అనిపించదు, కొన్ని గంటలు గడిచాక చూపు మధ్యలో మసక మచ్చ కనిపిస్తుంది. కొందరికి అది పూర్తిగా పోదు. అయితే ఇది గ్రహణం తెచ్చిపెట్టిన విషం కాదు. నిన్నటి సూర్యుడూ అంతే, రేపటి సూర్యుడూ అంతే. తేడా ఒక్కటే. మామూలు రోజున ఎవరూ తలెత్తి సూర్యుణ్ణి చూడరు, చూసినా కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి. గ్రహణం రోజున చూడాలనిపిస్తుంది. వెలుగు తగ్గేకొద్దీ చూడగలం అనిపిస్తుంది.

అంటే ప్రమాదంలో పడేది చూడాలన్న కోరిక ఉండి, ఎలా చూడాలో తెలియని పిల్లాడు. తలుపులు వేస్తే ఆ కోరిక పోతుందా?

1995 అక్టోబర్ 24 ఉదయం నేను అలాంటి పిల్లాణ్ణే. ఇంట్లో తలుపులు వేశారు. టీవీలో ఎక్కడో రాజస్థాన్ నీమ్ కా థానాలో సూర్యుడు పూర్తిగా మాయమవుతున్నాడని చెబుతున్నారు, మా ఇంటి మీది సూర్యుణ్ణి మాత్రం చూడకూడదట. నాయనమ్మ చెయ్యి విరిగినప్పుడు తీసిన ఎక్స్‌రే ఫిల్మ్ బీరువా కింద ఉంటే, దాన్ని పట్టుకుని బాత్రూమ్ కిటికీలోంచి చూశాను. ఎంతసేపు చూశానో గుర్తులేదు. ఎక్స్‌రే ఫిల్మ్ కంటికి కనిపించే వెలుగుని కొంత ఆపుతుందే తప్ప, కనిపించని పరారుణ కిరణాల్ని సరిగ్గా ఆపదని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి. అది నా తెలివి కాదు, ఇంట్లో వాళ్ళ జాగ్రత్తా కాదు. ఉట్టి అదృష్టం. మా తరంలో ఇలా దొంగచాటుగా చూసినవాళ్ళు ఎందరో మీ స్నేహితుల్ని అడిగి చూడండి. ఒకరు మసి పట్టించిన గాజుపెంకు అంటారు, ఒకరు సీడీ అంటారు, ఒకరు పళ్ళెంలో పసుపు నీళ్ళు అంటారు.

పసుపు నీళ్ళ సంగతి మంచి పాఠమయ్యేది, ఎవరైనా చెప్పి ఉంటే. నీటి మీద పడ్డ వెలుగులో వందకి రెండు వంతులైనా తిరిగి వస్తుంది. క్షేమంగా చూడాలంటే కంటికి చేరేది లక్షలో మూడు వంతులకి మించకూడదు. అంటే పళ్ళెంలోని సూర్యుడు ఉండాల్సినదానికన్నా ఆరువందల రెట్లు ఎక్కువ ప్రకాశంతో ఉంటాడు. పసుపు కలిపితే పళ్ళెం అడుగు కనిపించదు అంతే, నీటి పైపొర అద్దంలా మెరవడం తగ్గదు. ఏడో తరగతి లెక్క ఇది. ఏ ఏడో తరగతిలోనూ నాకు కనబడలేదు.

ఆ సాయంత్రం అక్క వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళాను. మేనల్లుడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. చిన్న చేతి అద్దం మీద అట్ట అతికించి, దానికి శనగగింజ కంటే చిన్న చిల్లు పెట్టాం. బాల్కనీ పడమర వైపు. అద్దాన్ని స్టూల్ మీద ఆనించి హాల్లోకి తిప్పితే, అయిదు మీటర్ల అవతల గోడ మీద నాలుగున్నర సెంటీమీటర్ల సూర్యుడు పడ్డాడు. ఒక పక్క కొరికినట్టున్నాడు. వాడు గోడ దగ్గరికి వెళ్ళి అంచు మీద వేలు పెట్టి, "మామయ్యా, ఇది చంద్రుడి నీడా, చంద్రుడేనా?" అన్నాడు. నేను తడబడ్డాను. మళ్ళీ ఆలోచించి, చంద్రుడేరా, అడ్డం వచ్చాడు అన్నాను. పదినిమిషాలయ్యాక మా అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏమీ అనలేదు. గోడ వైపు చూసి, "కదులుతోందే" అంది. సూర్యుడు భవనాల వెనక్కి దిగిపోయేదాకా ముగ్గురమూ గోడనే చూశాం. ఎవరమూ సూర్యుణ్ణి చూడలేదు.

"ఇంట్లో ఒక్కడికి చూపించడం తేలిక, తరగతిలో అరవైమందిని పెట్టుకుని చెప్పండి" అంటారు టీచర్లు. న్యాయమైన మాటే. అరవై జతల కళ్ళద్దాలిస్తే ఎవడో ఒకడు తీసేసి చూస్తాడు. అందుకే కళ్ళద్దాలతో మొదలుపెట్టొద్దు. సూర్యుడికి వీపు పెట్టి నిలబడమనండి. ఇంట్లోంచి జల్లెడ తెమ్మనండి, నేల మీద ప్రతి చిల్లుకీ ఒక నెలవంక పడుతుంది. బడిలో వేపచెట్టుంటే జల్లెడ కూడా అక్కర్లేదు, ఆకుల సందులే చాలు. అద్దంతో తరగతి గోడ మీదకి వేస్తే అరవైమందీ ఒకే బొమ్మ చూస్తారు. అద్దంలోకి తొంగి చూడకుండా, దాని వెలుగు ఎవరి మొహాన పడకుండా ఒకరు కాపలా ఉంటే చాలు. నేరుగా చూడాలనుకునే పెద్ద పిల్లలకి ఐఎస్ఓ 12312-2 ప్రమాణానికి సరిపోయే, గీతలూ చిల్లులూ లేని కళ్ళద్దాలు. పెట్టుకున్నాకే తలెత్తాలి, తల దించాకే తీయాలి. ఇదంతా చెప్పడానికి ఒక పీరియడ్ చాలు. బడిని ముందే వదిలేయడానికి పోయిన గంటలో సరిపోయేది.

మన వైపు తప్పూ ఉంది. మనమంటే సైన్సు పక్షం అనుకునేవాళ్ళం. గ్రహణం రోజున రోడ్డు మీద టెంటు వేసి ఉప్మా తిని ఫొటోలు దిగుతాం. టీవీలో జ్యోతిష్కుడి ఎదురుగా కూర్చుని గొంతు చించుకుంటాం. పళ్ళెంలో రోకలి నిలబెట్టిన ముసలమ్మ వీడియో షేర్ చేసి నవ్వుతాం. ఈ గొడవలో పిల్లాడికి ఆకాశం చూపించినవాడెవడు? ఇంట్లో ఉపవాసం ఉన్న పిల్లకి బలవంతంగా బిస్కెట్ తినిపించడం సైన్సు కాదు. మర్నాడు బడికి రోకలి తెచ్చి, గ్రహణం లేని రోజున నిలబడుతుందో లేదో చూద్దాం అనడం సైన్సు. అడుగు చదునుగా ఉంటే నిలబడుతుంది. ఆ సంగతి ఆ పిల్లే ఇంటికెళ్ళి నాయనమ్మకి చెబుతుంది, నవ్వకుండా.

ఇదంతా పిల్లల సరదా కోసమే అయితే ఇంత రాయను. పెదవి చీలి పుట్టిన బిడ్డని మన భాషలో ఏమంటామో తెలుసుగా. గ్రహణం మొర్రి. బిడ్డ మొహం చూసినవాళ్ళంతా తల్లిని ఒకటే అడుగుతారు, గ్రహణం రోజు కదిలావా, కత్తి పట్టావా అని. నేరం భాషలోనే రాసి ఉంది. పెదవికి కుట్టు పడ్డ పిల్ల ఒకతి ఆ తరగతిలో కూర్చుని ఉంటే, "భద్రత దృష్ట్యా" కిటికీలు మూసిన బడి ఆ పిల్లకి ఏం చెప్పినట్టు? మీ అమ్మదే తప్పు అని.

మనది గ్రహణం చూడని నేలా? 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నంలో, చింతామణి రఘునాథాచారి వనపర్తిలో గుడారాలు వేశారు. హీలియం కథ ఆ గ్రహణంతోనే మొదలైంది. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు అంకితం వెంకట నరసింగరావు విశాఖపట్నంలో తన సొంత అబ్జర్వేటరీ నుంచి చూశాడు. అది జరగబోతోందని మామూలు జనానికి ముందుగానే వివరిస్తూ రఘునాథాచారి చిన్న పుస్తకం రాశాడు. ముందుగానే అన్నది గమనించండి. నూరేళ్ళు దాటాక, 1980 ఫిబ్రవరి 16న అదే పాలమూరు జిల్లా పాలెంలో అమెరికా శాస్త్రవేత్తలు, జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ళు కెమెరాలు బిగించుకుని కూర్చుంటే, జనం బయటికి రాకుండా దూరదర్శన్ సినిమా వేసింది. మనకి దొరికిన నిమిషాల్ని మనమే తలుపులేసుకుని పోగొట్టుకున్నాం.

2027 ఆగస్టు 2, సోమవారం. ఈజిప్టులో సంపూర్ణ గ్రహణం. మన దగ్గర బడి వదిలే వేళ దాటాక పాక్షికంగా, కొద్దిగా. వానాకాలం కాబట్టి మబ్బులూ ఉండొచ్చు. 2031 మే 21న కేరళ, తమిళనాడుల్లో వలయ గ్రహణం, మనకీ పెద్ద ముక్కే కనబడుతుంది, కానీ వేసవి సెలవులు. కాబట్టి బడికి దొరికే సాయంత్రం ఆ సోమవారమే. ఆ రోజు బడి ముందే వదిలేయకండి. ఓ గంట ఆపండి. సర్క్యులర్ ఆ మధ్యాహ్నం కాదు, జులైలోనే పంపండి. జల్లెడ, చేతి అద్దం, అట్టముక్క తెమ్మనండి. రావాలనుకునే నాయనమ్మల్ని కూడా రమ్మనండి.

గ్రహణం అంటే పట్టుకోవడమే కాదు, అర్థం చేసుకోవడం కూడా. మా మేనల్లుడికి అప్పటికి పద్నాలుగేళ్ళు. ఈసారి ఆ వాట్సాప్ గ్రూపులో నేనుంటాను. అడుగుతాను.